ముగ్గురు సాక్షుల పట్టము

లండను నగరమందలి యూస్టను స్టేషనునుండి వాయవ్యదిశగా సాగు రైలుబండిలో, మార్చి మాసపు చలి ఇంకను వీడని ఒక ప్రాతఃకాలమున, నేను బర్మింగ్‌హామునకు బయలుదేరితిని. పెట్టెలో నాతోబాటు కూర్చున్నవారిలో పలువురకు కుక్కలు తోడుండెను. అవి బల్లలక్రిందను, యజమానుల కాళ్లనడుమను, మడిచిన కంబళ్లమీదను ముడుచుకొని పండుకొని, టిక్కెట్లు తనిఖీచేయు ఉద్యోగి వచ్చి పోవునపుడు కన్నులు మాత్రము విప్పి మరల మూసికొనుచుండెను. ఒక్కటియు మొరుగలేదు. యజమానుల ప్రక్కన దువ్వెనలతోను, తువాళ్లతోను, నీటిగిన్నెలతోను నిండిన సంచులుండెను. వారందరును పోవుచున్నది నేను పోవుచున్న చోటికే, ఏటేట నాలుగు దినములు జరుగు క్రఫ్ట్స్ అను శునకప్రదర్శనమునకే యని గ్రహించుటకు నాకు ఎక్కువసేపు పట్టలేదు.

బిరుదప్రదానమను విషయమున మన దేశమునకు గల అనుభవము అల్పమైనది కాదు. రాజాస్థానములందు కవిపాదమునకు గండపెండేరము తొడుగుటకు బూర్వము పండితపరిషత్తు పరీక్షించెడిదను కథలు విని పెరిగినవారము మనము. అర్హత లేనివాడు బిరుదము ధరించినచో నగుబాటనియు, అర్హుడైనవాడు బిరుదము లేక మరుగునపడియున్నచో అది లోకమునకే తలవంపనియు మన పెద్దలు తలచిరి. కవి తన పద్యమును తాను వినిపించుకొనగలడు, తన పక్షమున తాను వాదింపగలడు. కాని నోరులేని ప్రాణి తన గొప్పను తాను చెప్పుకొనజాలదు, తన కన్యాయము జరిగినదని మొఱపెట్టుకొననుజాలదు. అట్టి ప్రాణికి ‘ఛాంపియన్’ అను పట్టము గట్టునపుడు సత్యము నిలుపవలసిన భారమంతయు ఇచ్చువారిమీదనే పడుచున్నది. ఆ భారమును వారెట్లు వహించుచున్నారో కన్నులార జూడవలెనను జిజ్ఞాసయే నన్ను ఈ ప్రయాణమునకు పురికొల్పెను.

బర్మింగ్‌హాము ఇంటర్నేషనల్ అను స్టేషనులో దిగి, అచ్చటినుండి కప్పుగల వంతెనమీదుగా జనప్రవాహముతో నడచిపోయినచో, నేషనల్ ఎగ్జిబిషన్ సెంటరను విశాల భవనసముదాయము వచ్చును. 1991 మొదలు క్రఫ్ట్స్ ఈ భవనములలోనే జరుగుచున్నది. అంతకు సరిగా నూఱేండ్లకు పూర్వము, 1891లో, ఛార్లెస్ క్రఫ్ట్ అను నాతడు లండనులోని ఇస్లింగ్టను పేటయందలి రాయల్ అగ్రికల్చరల్ హాలులో తన పేరిట దీనిని ప్రారంభించెను. ఆతడు కుక్కల బిస్కట్లు చేయు స్ప్రాట్స్ సంస్థలో పనిచేసి, వ్యాపారరహస్యములను, ప్రకటనావిద్యను అచ్చటనే అభ్యసించినవాడు. ఆతని మరణానంతరము ప్రదర్శనము కెన్నెల్ క్లబ్ అను సంస్థ చేతికి వచ్చి, 1948లో మొదటిసారిగా ఆ సంస్థ ఆధ్వర్యమున జరిగెను.

కాని శునకప్రదర్శనములకు మూలము క్రఫ్ట్ కాడు. 1859 జూన్ మాసములో న్యూకాసిల్ పట్టణమున వేటకుక్కలైన పాయింటర్లను, సెట్టర్లను మాత్రమే రప్పించి, 60 కుక్కలతో జరిపినది ఆ దేశమున నమోదైన తొలి ప్రదర్శనము. నాటి బహుమానము తుపాకి. వేటగానికి వేటసాధనమును బహూకరించుటలో, ఆనాటివారు కుక్కయొక్క రూపమును దాని పనినుండి వేఱుచేసి చూడలేదన్న సంగతి స్పష్టమగుచున్నది. తరువాత ఊరూర ప్రదర్శనములు ప్రబలి, ఒక చోట పాటించిన నియమము మఱియొక చోట చెల్లక, ఒకే పేరుగల కుక్కలు పెక్కులుండుటచే ఏ గెలుపు దేనిదో తెలియని అరాచకము వ్యాపించెను. అప్పుడు ఎస్. ఇ. షర్లీ అను పార్లమెంటు సభ్యుడు కొందఱు మిత్రులను గూర్చుకొని, 1873 ఏప్రిల్ మాసమున కెన్నెల్ క్లబ్‌ను స్థాపించెను. మరుసటి సంవత్సరము వెలువడిన వంశావళిగ్రంథములో 1859 మొదలుకొని జరిగిన ప్రదర్శనముల వివరములెల్ల చేర్చబడెను. ఈ 1873 అను సంవత్సరమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెనని మనవి. ఇదే సంవత్సరమున ఇంకొక చోట ఇంకొక విధమైన పరీక్షయు పుట్టినది. దానిని చూచుటకే నేను పిమ్మట పశ్చిమమునకు బోయితిని.

భవనములలో అడుగిడినంతనే మొదట దృష్టి నాకర్షించునవి బెంచీలు. ఒక్కొక్క కుక్కకు ఒక్కొక్క గూడువంటి చోటు ఏర్పఱచి, దాని సంఖ్య వ్రాసి, బరిలోనికి పోవలసిన సమయము తప్ప మిగిలిన దినమంతయు అది అందే యుండునట్లు చేయుదురు. చూడవచ్చినవారు ఆ వరుసలనడుమ తిరుగుచు, యజమానులతో మాటలాడుచు, అనుమతి యడిగి కుక్కలను నిమురుచు పోవుదురు. ఏటేట వేలకొలది కుక్కలు ఈ ప్రదర్శనమునకు వచ్చును. వచ్చినవన్నియు అంతకుముందే ఇతరప్రదర్శనములలో నెగ్గి, ఇచటికి ప్రవేశార్హత సంపాదించుకొన్నవే. జాతులన్నిటిని ఏడు వర్గములుగా విభజించి, వర్గములవారీగా దినములు పంచుదురు. నేను పోయిన దినము తుపాకివేటకు తోడ్పడు జాతులది.

అందొక బెంచీకడ, వయసు మీరిన ఒక ఇంగ్లీషు గృహిణి, తన సెట్టరును నిలువబెట్టి దువ్వుచుండగా నేను నిలిచిపోతిని. తెల్లని యొడలిపై నారింజవన్నె చుక్కలు సన్నగా చల్లినట్లుండెను. చెవులనుండియు, ముంగాళ్ల వెనుకభాగమునుండియు, తోకనుండియు పట్టుకుచ్చులవలె రోమములు వ్రేలాడుచుండెను. ఆమె దువ్వెనను మొదట రోమముల కొనలలో ఆడించి, చిక్కు వీడిన పిమ్మటనే మొదళ్లవఱకు పోనిచ్చుచుండెను, ఒక్కసారియైనను లాగలేదు. నేను పరదేశినని తెలిసియు ఆమె విసుగుకొనక నా ప్రశ్నలకు సమాధానము లిచ్చెను. ఆ కుక్కకు మూడేండ్ల వయసు; ఇప్పటికి రెండు టిక్కెట్లు చేతికి వచ్చినవట. టిక్కెట్టని వారు వాడుకలో పిలుచునది ఛాలెంజి సర్టిఫికెట్టు. ఇంకొకటి వచ్చినచో పట్టము పూర్తియగును. “తొందరేమీ లేదండి, కుక్క ఆరోగ్యంగా ఉంటే చాలు, టిక్కెట్టు ఈ ఏడు కాకపోతే మరో ఏడు వస్తుంది” అను భావముతో ఆమె మాటలాడెను.

బరిలో జరుగు పరీక్షను కడు సమీపమునుండి చూచు భాగ్యము నాకు గలిగెను. ఆకుపచ్చని తివాచీ పఱచిన చతురస్రములో, ముందుగా వయసునుబట్టియు, పూర్వపు గెలుపులనుబట్టియు ఏర్పడిన తరగతులవారీగా కుక్కలను ప్రవేశపెట్టుదురు: ఏడాది నిండని పిల్లల కొక తరగతి, పదునెనిమిది మాసములలోపు వాని కొకటి, ఏడేండ్లు దాటిన వృద్ధుల కొకటి, అందఱకును తెఱచియుండు తరగతి మఱియొకటి. మగవానిని, ఆడవానిని వేఱుగా పరీక్షింతురు. న్యాయనిర్ణేత మొదట అన్నిటిని ఒక్కసారి చుట్టు త్రిప్పించి చూచి, పిదప ఒక్కొక్కదానిని దగ్గఱకు రప్పించుకొనెను. ముందుగా తన చేతిని వాసన చూడనిచ్చి, నెమ్మదిగా పెదవు లెత్తి, పైపండ్లు క్రిందిపండ్లను కత్తెరవలె ఒరసికొని మూసికొనుచున్నవో లేదో గమనించెను. కపాలముపై వ్రేళ్లు నడిపి, మెడనుండి భుజమునకు, భుజమునుండి ప్రక్కటెముకలకు, అచ్చటినుండి తొడలకును అరచేయి పోనిచ్చి, వెండ్రుకల సొంపుక్రింద ఎముక యెట్లున్నదో చేతితోనే చదువుకొనెను. బరిలో చూడవచ్చినవారికి కనబడునది జూలు; ఆయన చేతికి తెలియునది అస్థిపంజరము. ఈ భేదము నేనెఱిగిన పిమ్మటనే ఆ పరీక్షయందు నాకు గౌరవము కలిగెను.

తరువాత నడక. యజమానురాలు పట్టెడ వదులుగా బట్టి, త్రిభుజాకారముగా కుక్కను పరుగెత్తించి, మరల తిన్నగా ఎదుటికి తీసికొనిపోయి వెనుకకు దెచ్చెను. వెనుకకాళ్లు సమాంతరముగా పడుచున్నవా, ముందుకాళ్లు భుజమునుండి చక్కగా చాచుకొనుచున్నవా, వీపు అటునిటు ఊగకున్నదా యని న్యాయనిర్ణేత మూడు కోణములనుండి చూచెను. నిలుచున్నపుడు యజమాని నేర్పుచే కప్పిపుచ్చుకొనిన లోపము నడకలో బయటపడక తప్పదు. ఆయన పోల్చుచున్నది ఒక కుక్కను మఱియొక కుక్కతో మాత్రమే కాదు. ఆ జాతికి సంస్థవారు వ్రాసిపెట్టిన ఆదర్శలక్షణముల పట్టికతో. మన శిల్పశాస్త్రమున ప్రతిమాలక్షణము లేర్పఱచినట్లు, ప్రతిజాతికిని తల యెంత, తోక యెట్లు, స్వభావ మేది యను లక్షణగ్రంథము కలదు.

తరగతులలో ఓడనివి చివరకు ఎదురెదురుగ నిలిచినపుడు, మగవానిలో అత్యుత్తమమైన దానికొకటి, ఆడవానిలో అత్యుత్తమమైన దానికొకటి ఛాలెంజి సర్టిఫికెట్టు లభించును. ఆ పత్రముపై న్యాయనిర్ణేత, ఈ కుక్క ఛాంపియన్ పట్టమునకు తగినంతటి విశిష్టగుణము గలదని తన నమ్మకముగా ధ్రువీకరించి చేవ్రాలు చేయవలెను. ఆనాటి వానిలో మొదటిది యైనంత మాత్రమున పత్రము రాదు. పట్టమునకు తగినది యేదియు లేదని తోచినచో పత్రమును నిలిపివేయు నధికారమును, ధర్మమును కూడ ఆయనకు గలవు. ఇట్టి పత్రములు మూడు, ముగ్గురు భిన్న న్యాయనిర్ణేతల చేతిమీదుగా రావలెను. వానిలో ఒక్కటియైనను కుక్కకు పండ్రెండు మాసములు నిండిన పిమ్మట వచ్చినదై యుండవలెను. అప్పుడే పట్టము. అంతేకాక, ఇప్పటికే పట్టము పొందిన కుక్కలును అదే బరిలో అదే పత్రమునకు పోటీపడుచుండును గనుక, క్రొత్తగా పట్టము కోరునది ఆ పాత మల్లులను జయింపక తప్పదు.

ఈ నియమమును గూర్చి నేను చాలసేపు ఆలోచించితిని. ఒక్కని అభిరుచి పక్షపాతమునకు లోబడవచ్చును. ఇద్దఱు మొగమాటమున కేకమగుదురేమో. కాని మూడు వేఱువేఱు దినములలో, మూడు వేఱువేఱు బరులలో, ముగ్గురు వేఱువేఱు మనుష్యులు ఒకే ప్రాణిని చూచి ఒకే మాట చెప్పినచో, ఆ మాటయందు కొంత సత్యముండక తప్పదు. పండ్రెండు మాసముల నియమము కాలమును నాలుగవ సాక్షిగా నిలుపుచున్నది: పసితనపు ముద్దుదనము కరిగి, యెముక గట్టిపడి, ప్రాణి తన నిజస్వరూపమునకు వచ్చిన పిమ్మట చెప్పిన తీర్పే చెల్లును. ఈ సూక్ష్మము వివిధదేశములలో వివిధరూపములు ధరించినది. అమెరికాలో 15 పాయింట్లు కూడబెట్టవలెను; అందు రెండు గెలుపులైనను మూడునుండి అయిదు పాయింట్ల పెద్ద గెలుపులై, ఇద్దఱు వేఱు న్యాయనిర్ణేతలచే వచ్చినవై యుండవలెను; మిగిలిన పాయింట్లలో మూడవవాని చేయియు ఉండితీరవలెను. 1911లో అయిదు యూరపు దేశములు కలిసి స్థాపించిన ఎఫ్.సి.ఐ. అను సమాఖ్యవారి అంతర్జాతీయ సౌందర్యపట్టమునకు, పనిపరీక్ష అక్కఱలేని జాతుల విషయమున, మూడు దేశములలో ముగ్గురు న్యాయనిర్ణేతల వద్ద నాలుగు పత్రములు రావలెను. మొదటిదానికిని కడపటిదానికిని నడుమ ఏడాదిపైన ఒక్కరోజైనను గడచియుండవలెను. లెక్క మాఱినను నీతి మాఱలేదు.

ఆ దినము సెట్టరునకు మూడవ టిక్కెట్టు రాలేదు. రెండవస్థానపు పత్రము వచ్చెను. ఆ గృహిణి మోకాళ్లపై కూర్చుండి, జేబులోనుండి ఉడికించిన కాలేయపు ముక్క దీసి దాని నోట బెట్టి, దాని చెవులు సవరించెను. నేను పరామర్శించినపుడు ఆమె నా యెఱుకకు మఱియొక విశేషము చేర్చెను. ఈ వర్గపు కుక్క ఎన్ని టిక్కెట్లు గెలిచినను బరిలో వచ్చునది ‘షో ఛాంపియన్’ అను పట్టమే. వేటపొలములో పక్షిని కనిపెట్టి చూపగలనని, తుపాకిమ్రోతకు బెదరనని నిరూపించుకొన్న పిమ్మటగాని విశేషణము లేని శుద్ధమైన ‘ఛాంపియన్’ పదము దాని పేరునకు ముందు చేరదు. ఆమె తన కుక్కను శరత్కాలమున పొలములకు తీసికొనిపోవుచున్నదట.

రూపమును మాత్రమే పూజించినచో కలుగు హానిని ఆ దేశస్థులు కటువుగానే అనుభవించిరి. చదునుముక్కు అందమన్నచో తరతరమునకు ముక్కు నొక్కుకొనిపోయి, ఊపిరాడని కుక్కలు పుట్టసాగెను. ముడుతలు అందమన్నచో ఆ ముడుతలే కండ్లను గాయపఱచెను. 2008లో బి.బి.సి.లో ప్రసారమైన ఒక చిత్రము ఈ దురవస్థను ప్రజలముందు పెట్టగా, ఆ మరుసటి సంవత్సరమునుండి ఆ సంస్థ క్రఫ్ట్స్ ప్రసారమును మానుకొనెను. పిమ్మట 2012లో, ప్రమాదస్థితిలో నున్న పదునైదు జాతులలో ఉత్తమమని ఎన్నికైన కుక్కను పశువైద్యుడు స్వతంత్రముగా పరీక్షించి ఆరోగ్యవంతమని చెప్పినగాని తరువాతి పోటీకి పోరాదని కెన్నెల్ క్లబ్‌వారు నియమము పెట్టిరి. ఆ యేట పీకింగీసు, బుల్‌డాగు మొదలైన ఆఱుజాతుల విజేతలు ఆ పరీక్షలో నిలువలేకపోయెను. యజమానులకు కష్టము తోచినది, వాదములు చెలరేగినవి; అయినను, పట్టమును కోరుచు ప్రాణమునకు చేటు తెచ్చుట ధర్మము కాదని ఒక సంస్థ తనంతట తాను తన బరిలోనే ఒప్పుకొనుట నాకు గొప్పగా తోచెను.

మధ్యాహ్నానంతరము నేను క్రీడాంగణములకు బోయితిని. ఇచ్చట రూపముతో పనిలేదు. విధేయతాపరీక్షలు 1955నుండి క్రఫ్ట్స్‌లో భాగమైయున్నవి. యజమాని అడుగులో అడుగుగా మెల్లగను, మామూలుగను, వడిగను నడచుట, దూరముననుండి వచ్చు ఆజ్ఞకు కూర్చుండుట, నిలుచుట, పండుకొనుట, యజమాని కనుమరుగైనను చోటు కదలకుండుట మొదలగువాని పిమ్మట, గంధపరీక్ష వచ్చెను. పదికి మించని గుడ్డముక్కలను నేలపై నమర్చి, వానిలో ఒక్కదానికి మాత్రము న్యాయనిర్ణేత చేతివాసన పట్టించి, వేఱొకరి వాసనగల గుడ్డను మోసపుచ్చుటకై ఆ వరుసలోనే చేర్చిరి. కుక్కకు న్యాయనిర్ణేత వాసన చూపి పంపగా, అది ముక్కు నేలకు వంచి మొదటి గుడ్డను విడిచెను, రెండవదానిని విడిచెను, మోసపుగుడ్డకడ ఒక్క క్షణ మాగి దానినిగూడ విడిచి, వరుస చివఱ నున్నదానిని నోటగఱచుకొని తిరిగివచ్చెను. వేలమంది చూపరులలో చప్పుడు లేదు. పణులు దాచిన గోవుల జాడ తీసిన దేవశుని సరమను గూర్చి మన ఋషులు ఋగ్వేదమున సూక్తమునే చెప్పిరిగదా. ఆ గౌరవము పొందినది సరమ యందము కాదు, సరమ నాసిక.

ఎజిలిటీ అను అవరోధక్రీడ 1978లో, గుఱ్ఱముల దూకుడుపోటీని ఆదర్శముగా గొని, క్రఫ్ట్స్‌లో వినోదార్థము మొదలై, నేడు లోకమంతట ప్రాకినది. అడ్డుకొయ్యలు, గొట్టపుసొరంగములు, తూగుబల్ల, ఎత్తైన వారధి, వరుసగా పాతిన పండ్రెండు కఱ్ఱలు, వీని క్రమమును యజమాని ముందుగా నడచి కంఠస్థము చేసికొనును. కుక్కకు మాత్రము అది చూపబడదు. కొయ్య పడినచో అయిదు తప్పులు. వారధినుండి రంగువేసిన అంచుభాగమును తాకకుండ దూకినచో అయిదు. కఱ్ఱలనడుమ ప్రవేశించునపుడు మొదటి కఱ్ఱ కుక్క ఎడమభుజమువైపు ఉండితీరవలెను. ఇందును ముగ్గురు న్యాయనిర్ణేతల వద్ద మూడు పత్రములు పొందినదే ఎజిలిటీ ఛాంపియన్. సౌందర్యపు బరిలో కాలుపెట్ట వీలులేని సంకరజాతి కుక్కకు, వీధినుండి తెచ్చి పెంచుకొన్న కుక్కకును ఈ క్రీడలలో ప్రవేశము గలదు, పట్టమునందు హక్కు గలదు. వంశావళి లేనివాడు విద్యచే సభలో పీటవేయించుకొన్నట్లు, అచ్చట ఒక మిశ్రమజాతి కుక్క వారధి దిగి, కఱ్ఱలనడుమ నీటిపామువలె సాగిపోవుట చూచి నా మనస్సు నిండెను.

మఱునాడు పశ్చిమముగా వేల్సునకు బయలుదేరితిని. బర్మింగ్‌హాములో వైద్యవృత్తిలో నున్న ఒక తెలుగు మిత్రులు, కైకలూరు ప్రాంతీయులు, తమ కారులో నన్ను తోడ్కొనిపోయిరి. ష్రూస్‌బరీ దాటి కొంతదూరము పోగా చదునునేల ముగిసి, లాంగొల్లెన్‌కడ డీనది రాళ్లమీద మ్రోయుచు ఎదురయ్యెను. కోర్వెన్ దాటి మలుపులు తిరుగుచు పోగా, కొండలనడుమ సుమారు నాలుగుమైళ్ల పొడవున లిన్ టెగిడ్ అను సరస్సును, దాని ఉత్తరపు కొనయందు బాలా అను చిన్న పట్టణమును కనబడెను. అన్ని కొండలపైనను గొఱ్ఱెలు. ప్రతి పొలమునందును అప్పుడప్పుడే పుట్టిన పిల్లలు.

ఈ బాలా సమీపముననే, 1873 అక్టోబరు 9వ తేదీన, రివ్లాస్ ఎస్టేటు స్వామియైన ఆర్. జె. లాయిడ్ ప్రైస్ గొఱ్ఱెకుక్కల పోటీ జరిపించెను. లండనులో షర్లీ మిత్రులు రూపనిర్ణయమునకై సంస్థ నెలకొల్పిన ఆఱుమాసములకే, ఈ కొండలలో పనినిర్ణయమునకు నాంది జరిగినదన్నమాట. ఆ తొలిపోటీలో గెలిచినది వేల్సులో స్థిరపడిన స్కాట్లండు దేశస్థుడు థామ్సన్, అతని కుక్క ట్వీడ్. ఆ విద్యకు శాశ్వతవ్యవస్థ 1906లో స్థాపితమైన అంతర్జాతీయ గొఱ్ఱెకుక్కల సంఘమువలన గలిగెను.

పోటీల ఋతువు కాకున్నను, మిత్రుల పరిచయస్థుడైన ఒక రైతు తన కుక్క పనిని మాకు చూపుట కంగీకరించెను. నల్లని యొడలు, తెల్లని మెడ, ఒక చెవి నిలిచి ఒక చెవి వ్రాలిన బక్కపలుచని కుక్క అది. బర్మింగ్‌హాము బరిలో దానివంక ఎవ్వరును చూడరు. ఆతడు “అవే” యని మెల్లగా అన్నంతనే, అది తిన్నగా గొఱ్ఱెలవైపు పోక, కుడిగా విల్లువంపు తిరిగి, కొండవాలున కనుమరుగై, మందకు అవతలిప్రక్కన తేలెను. అచ్చట నిలిచిపోయెను. మొరుగలేదు, తల వంచి, కన్ను త్రిప్పక చూచెను. గొఱ్ఱెలొక్కసారి తలలెత్తి, ఒకదానినొకటి ఒరసికొని, మావైపు కదలెను. ఆ మొదటి కదలికకే పోటీలో ప్రత్యేకముగా మార్కులున్నవని రైతు చెప్పెను: మంద బెదరి చెదరరాదు, మొండికెత్తి నిలువరాదు, కుక్కను నమ్మినట్లు కదలవలెను. అటుపిమ్మట ఒక్కొక్క ఈలకు కుక్క ఎడమకు కుడికి సవరించుకొనుచు, మందను మా పాదములకడకు తెచ్చెను. “దట్ విల్ డూ” అని ఆతడనగానే పని విడిచి ఆతని మడమకడ పండుకొనెను.

పోటీలో సాధారణముగా నూఱు మార్కులుండును: చుట్టు తిరిగి పోవుటకు 20, మొదటి కదలికకు 10, తెచ్చుటకు 20, తోలుకొనిపోవుటకు 30, మందను విడదీయుటకు 10, దొడ్డిలో పెట్టుటకు 10. నూటితో మొదలిడి, తప్పుతప్పునకు తగ్గించుచు పోవుదురు. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు, ఐర్లండు దేశములు తమ జాతీయపోటీలలో ఏఱిన కుక్కలను అంతర్జాతీయపోటీకి పంపగా, అందు పదునైదు తుదిపరీక్షకు మిగులును. ఆ తుదిపరీక్షలో సుమారు 800 గజముల దూరమునుండి పది గొఱ్ఱెలను తెచ్చి విడిచి, వెనుకకు పోయి మఱియొక పదిని తెచ్చి, రెండు మందలను కలిపి, ఆ యిరువదిలో మెడపట్టీలు గల అయిదింటిని మాత్రము వేఱుచేసి దొడ్డిలో పెట్టవలెను. అట్లు గెలిచినదే ఆ యేటి సుప్రీమ్ ఛాంపియన్. ఈ సంఘమువారి వంశావళిలో, తల్లిదండ్రులు నమోదుకాని కుక్కయైనను, పనిలో అసాధారణప్రతిభ చూపినచో చేరుటకు మార్గము గలదు. బరిలో లేని ద్వారము కొండమీద తెఱచియున్నది.

1976లో కెన్నెల్ క్లబ్ ఈ గొఱ్ఱెకుక్కను బార్డర్ కోలీ అను పేర తన జాతులలో చేర్చుకొన్నపుడు, అందముకొఱకు పెంచినచో పనిబుద్ధి నశించునని కాపరులు కలతపడిరి. ఆ కలత నేటికిని పూర్తిగా తీరలేదు. అయినను నియమములో దానికొక సమాధానము కలదు: బార్డర్ కోలీ ఎన్ని టిక్కెట్లు గెలిచినను ‘షో ఛాంపియన్’ మాత్రమే, గొఱ్ఱెలను తోలగలదని పరీక్షలో నిరూపించిననాడే అది ‘ఛాంపియన్’. బర్మింగ్‌హామును, బాలాను కలుపు వారధి ఈ ఒక్క నియమములో నాకు గోచరించెను.

తిరుగుప్రయాణమున మిత్రులు చాలసేపు మౌనముగా నుండి, హఠాత్తుగా ఇట్లనిరి: “అన్నగారూ, ఇంత దూరం వచ్చి ఈ కుక్కను చూసి మురిసిపోతున్నాం గానీ, మా కొల్లేటి గట్లమీద జోనంగి కుక్క బాతులమందను తోలుతుంటే మనవాళ్లెవరైనా ఆగి చూశారా?” జోనంగిని నేనెఱుగుదును: పొట్టిరోమము, ముడుతలు పడిన నుదురు, నేల త్రవ్వుకొని గుంటలో పండుకొను అలవాటు, మొరుగుటకు మాఱు సాగదీసిన విచిత్రధ్వని. కొల్లేటి ప్రాంతమున బాతుల పెంపకము సాగినన్నాళ్లు అది రైతునకు కుడిచేయి. బాతులు పోయి చేపలచెఱువులు వచ్చిన పిమ్మట పని పోయి, పనితోబాటు ఆదరణయు పోయి, పలుచోట్ల వీధికుక్కలలో కలిసిపోయెను. పని పోయిన జాతి కాలక్రమమున రూపమునుగూడ కోల్పోవునని ఆయన మాటలవలన నాకు బోధపడెను.

మన దేశమునను చెన్నపట్టణము కేంద్రముగా కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఛాలెంజి సర్టిఫికెట్ల పద్ధతినే అనుసరించుచున్నది. రాజపాళయము, చిప్పిపాఱై, ముధోల్ జాగిలములు నేడు మన బరులలో విదేశీజాతులప్రక్కన తలయెత్తి నిలుచుచున్నవి. అది సంతోషింపదగిన విషయమే. కాని బరితో తృప్తిపడరాదు. పరుగునకై పుట్టిన ముధోలునకు పరుగుపరీక్షయు, కావలికై పుట్టిన రాజపాళయమునకు ధైర్యపరీక్షయు, కొల్లేటి జోనంగికి గట్టుమీద బాతులను తోలి గూటికి చేర్చు పరీక్షయు మనవారే ఏర్పఱుపవలెను. ఆ పరీక్షలకు నియమములు వ్రాయవలసినది గ్రంథములు చదివినవారు మాత్రమే కాదు, ఆ గట్లమీద తెల్లవాఱుజామున నడచిన వృద్ధరైతులు కూడ. ముగ్గురు నిష్పక్షపాతులు మూడుమాఱులు చూచి ఒప్పుకొన్న రూపము, పొలములో ఋజువైన పని, వైద్యుడు నిర్ధారించిన ఆరోగ్యము, ఈ మూడును ఒకే ప్రాణియందు కలిసిననాడు ఇచ్చు పట్టమే నిజమైన పట్టము. ఆ పని తెలిసిన వృద్ధులు కొందఱు కొల్లేటి పల్లెలలో ఇంకను జీవించియున్నారు. వారున్నపుడే ఈ కార్యమునకు పూనుకొనుట మన ధర్మము.